మన గుట్టల రాయి లోపల ఏముంది? సిలికేట్ ఖనిజాల నిర్మాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ చదివే పిల్లలు, బోరు నీళ్లతో తంటాలు పడే ఇళ్లవాళ్లు, క్వారీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. కానీ జవాబులన్నీ ఒక్కచోటికే వస్తాయి: సిలికాన్ చుట్టూ ఆక్సిజన్లు ఎలా కూర్చున్నాయి, ఆ ముక్కలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయి? ఇది బుర్రకెక్కితే పేర్లు, కోణాలు, నిష్పత్తులు విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

సిలికేట్ ఖనిజం అంటే ఏమిటి?

సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టుకున్న ఒక మూల ముక్క ఉంది. ఆ ముక్కతో తయారైన ఖనిజాలన్నీ సిలికేట్లే. భూమి పైపొర బరువులో ఆక్సిజన్ దాదాపు 46 శాతం, సిలికాన్ దాదాపు 28 శాతం. అందుకే పైపొరలో 90 శాతానికి పైగా సిలికేట్ ఖనిజాలే ఉంటాయి. భువనగిరి కోట నిలబడ్డ ఏకశిల, దేవరకొండ గుట్టలు, పొలంలో నాగలికి తగిలే పలుగురాయి, వాగులో ఇసుక, చెరువులో ఒండ్రు, కుండలు చేసే మట్టి, అన్నీ ఎక్కువ భాగం ఇవే.

సిలికాన్, సిలికా, సిలికేట్, సిలికోన్ అన్నీ ఒకటేనా?

కాదు. సిలికాన్ ఒక మూలకం, కంప్యూటర్ చిప్పుల్లో వాడేది అదే. ప్రకృతిలో అది ఒంటరిగా దొరకడం దాదాపు ఉండదు. సిలికా అంటే ఒక సిలికాన్‌కు రెండు ఆక్సిజన్లు ఉన్న పదార్థం, మన పలుగురాయి అదే. సిలికా ముక్కలకు ఇనుము, మెగ్నీషియం, పొటాషియం లాంటి లోహాలు తోడైతే సిలికేట్లు. పలుగురాయిలో వేరే లోహం లేకపోయినా కట్టడం అదే కాబట్టి ఖనిజశాస్త్రంలో దాన్నీ సిలికేట్ల వరుసలోనే చెబుతారు. ఇక సిలికోన్ ఫ్యాక్టరీలో తయారయ్యే రబ్బరులాంటి పదార్థం, రాళ్లతో దానికి పని లేదు.

ఆ మూల ముక్క ఎలా ఉంటుంది?

మూడు నిమ్మకాయలు ఒకదానికొకటి ఆనేలా కింద పెట్టండి. నాలుగోది వాటి మీద నిలపండి. ఆ నాలుగింటి మధ్య చిన్న సందు మిగులుతుంది, అందులో ఒక శనగగింజ పడుతుంది. నిమ్మకాయలు ఆక్సిజన్లు, గింజ సిలికాన్. ఆక్సిజన్ పెద్దది, సిలికాన్ చాలా చిన్నది, అందుకే ఈ అమరిక ఇంత సరిగ్గా కుదురుతుంది.

నాలుగు ఆక్సిజన్ల నడిబొడ్డులను గీతలతో కలిపితే నాలుగు ముఖాలున్న ఆకారం వస్తుంది. దాన్నే టెట్రాహెడ్రన్ అంటారు, తెలుగు పుస్తకాల్లో చతుర్ముఖి. సిలికాన్ నుంచి ఆక్సిజన్‌కు దూరం సుమారు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. సెంటీమీటరులో 10 కోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. ఏ రెండు ఆక్సిజన్లను తీసుకున్నా సిలికాన్ దగ్గర కోణం దాదాపు 109.5 డిగ్రీలు. ఈ బంధం సగం అయానిక (ఆవేశాల ఆకర్షణ), సగం సంయోజనీయ (ఎలక్ట్రాన్లు పంచుకునే) స్వభావం ఉన్నది, చాలా గట్టిది. రాయి గట్టిదనానికి మూలం ఇక్కడే ఉంది.

భూమి లోపల చాలా లోతున, విపరీతమైన ఒత్తిడిలో, సిలికాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లు చేరతాయి. మన కాళ్ల కింది రాళ్లలో మాత్రం నాలుగే.

ఒకే ముక్కతో ఇన్ని రకాల ఖనిజాలు ఎలా వచ్చాయి?

లెక్క చూడండి. సిలికాన్‌కు 4 ధనావేశాలు. నాలుగు ఆక్సిజన్లకు ఒక్కోదానికి 2 చొప్పున 8 రుణావేశాలు. తీసివేస్తే ముక్క మీద ఇంకా 4 రుణావేశాలు మిగులుతాయి. అంటే ఒక్కో ఆక్సిజన్‌కు ఇంకో ఆవేశం తీరాలి. అది తీరడానికి రెండు దారులు. ఆ ఆక్సిజన్ పక్కనున్న మరో సిలికాన్‌తో కూడా బంధం కట్టుకోవచ్చు, అప్పుడు రెండు చతుర్ముఖులకు ఆ మూల ఉమ్మడి అవుతుంది. లేదంటే మెగ్నీషియం, ఇనుము, కాల్షియం లాంటి లోహ అయాన్లను, అంటే ఆవేశమున్న పరమాణువులను, దగ్గరకు తీసుకోవచ్చు.

ఎన్ని మూలలు ఉమ్మడి, ఎన్ని మూలలు లోహాలకు అన్నదే ఖనిజం రకాన్ని తేలుస్తుంది. ఉమ్మడి అయ్యేవి మూలలే, అంచులూ ముఖాలూ కావు. అలా కలిస్తే రెండు సిలికాన్లు మరీ దగ్గరై, ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1929లో చెప్పిన నియమాల్లో ఇదొకటి.

పరీక్షలో అడిగే ఆరు రకాలు ఏవి?

ఏ మూలా ఉమ్మడి కాకపోతే ముక్కలు విడివిడిగా ఉంటాయి, లోహాలే వాటిని పట్టి ఉంచుతాయి. ఒలివిన్, గార్నెట్, జిర్కాన్ ఇలాంటివి. మన గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు అని చెప్పగలుగుతున్నామంటే వాటిలోని జిర్కాన్ గింజల పుణ్యమే. జిర్కాన్ నిర్మాణం తయారయ్యేటప్పుడు యురేనియాన్ని కొద్దిగా లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపల దొరికే సీసం యురేనియం క్షీణించి పుట్టిందే. దాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది.

రెండేసి ముక్కలు ఒక మూల పంచుకుంటే జంటలు. ఎపిడోట్‌లో ఇవి ఉంటాయి. ముక్కలు రెండేసి మూలలు పంచుకుని చుట్టూ తిరిగి కలిస్తే ఉంగరాలు: బెరిల్, టూర్మలిన్. పచ్చ అనే రత్నం బెరిలే.

అదే రెండు మూలలు పంచుకుంటూ తిన్నగా సాగిపోతే ఒంటి గొలుసు, పైరాక్సీన్లు. రెండు గొలుసులు పక్కపక్కన అతుక్కుంటే జంట గొలుసు, యాంఫిబోల్‌లు. హార్న్‌బ్లెండ్ ఆ కుటుంబమే. రెండింటినీ పుస్తకాల్లో గొలుసు సిలికేట్ల కిందే చెబుతారు.

మూడు మూలలు పంచుకుంటే పలకలు. అభ్రకం, బలపపు రాయి, బంకమట్టి ఖనిజాలు ఇక్కడికే వస్తాయి. నాలుగు మూలలూ పంచుకుంటే అన్ని దిక్కులా అల్లుకున్న చట్రం: పలుగురాయి అనే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్.

సిలికాన్, ఆక్సిజన్ నిష్పత్తులు బట్టీ పట్టడం తప్ప దారి లేదా?

ఉంది. ఉమ్మడి ఆక్సిజన్ రెండు ముక్కలకు చెందుతుంది కాబట్టి దాన్ని అర అని లెక్కపెట్టండి. విడి ముక్కలో ఉమ్మడివి లేవు, కాబట్టి 1కి 4. ఒంటి గొలుసులో రెండు సొంతం, రెండు ఉమ్మడి: 2 కూడిక 1, మొత్తం 3. ఉంగరానికీ ఇదే లెక్క. పలకలో ఒకటి సొంతం, మూడు ఉమ్మడి: 1 కూడిక ఒకటిన్నర, రెండున్నర. అంటే 2కి 5. చట్రంలో నాలుగూ ఉమ్మడే, కాబట్టి 1కి 2.

పిల్లలు తడబడేది జంట గొలుసు దగ్గర. అందులో సగం ముక్కలు రెండు మూలలు, మిగతా సగం మూడు మూలలు పంచుకుంటాయి. 3కూ రెండున్నరకూ సగటు 2.75. నాలుగుతో గుణిస్తే 4కి 11. జంటలకు మూడున్నర, అంటే 2కి 7. కాగితం మీద త్రిభుజాలు గీసి ఒకసారి లెక్కపెట్టి చూసుకుంటే మళ్లీ మర్చిపోరు.

ఫెల్డ్‌స్పార్‌లో నాలుగు మూలలూ ఉమ్మడే కదా, మరి పొటాషియం ఎక్కడి నుంచి వచ్చింది?

మంచి ప్రశ్న ఇది. పలుగురాయిలో అన్ని ఆవేశాలూ సిలికాన్లతోనే తీరిపోయాయి, ఇంకో లోహానికి చోటు లేదు. ఫెల్డ్‌స్పార్‌లో ప్రతి నాలుగు సిలికాన్ చోట్లలో ఒకదాంట్లోకి అల్యూమినియం వస్తుంది. దానికి 3 ధనావేశాలే. కాబట్టి ఒకటి తక్కువ పడుతుంది. ఆ లోటు తీర్చడానికి చట్రం ఖాళీల్లోకి పొటాషియమో సోడియమో చేరుతుంది. నాలుగులో రెండు చోట్లు అల్యూమినియం తీసుకుంటే రెండు ఆవేశాల కాల్షియం వస్తుంది. భూమి పైపొరలో సగానికి పైగా ఫెల్డ్‌స్పార్లే. మన గ్రానైట్‌కు గులాబీ రంగు పొటాషియం ఫెల్డ్‌స్పార్ వల్ల. ఆ రంగు కూడా లోపల చిక్కుకున్న అతి సూక్ష్మమైన ఇనుప ఆక్సైడ్ రేణువులది.

గ్రానైట్ ముక్క చేతిలో ఉంటే ఏ ఖనిజం ఏదో ఎలా గుర్తుపట్టాలి?

కంకర కుప్ప దగ్గర అప్పుడే పగిలిన ముక్క తీసుకోండి, ఎండలో అటూ ఇటూ తిప్పండి. చదునైన ముఖాలతో తళుక్కుమనేవి, గులాబీ లేదా తెల్లగా ఉన్నవి ఫెల్డ్‌స్పార్. గాజులా బూడిదరంగులో, చదును ముఖం లేకుండా ఒంపుగా పగిలినవి పలుగురాయి, కత్తి మొనతో గీసినా గీత పడదు. నల్లటి రేకులు కనిపిస్తే గుండుసూదితో లేపి చూడండి. పొరగా లేస్తే బయొటైట్ అనే నల్ల అభ్రకం. నల్లగా, పొడుగ్గా ఉండి పొర లేవకపోతే చాలావరకు హార్న్‌బ్లెండ్.

అభ్రకం పొరలుగా లేస్తుంది, పలుగురాయి ఎందుకు లేవదు?

రాయి ఎక్కడ పగులుతుందంటే బంధం బలహీనంగా ఉన్నచోట. అభ్రకంలో పలక లోపల బంధాలు చాలా గట్టివి, రెండు పలకల దొంతరల మధ్య పొటాషియం అయాన్ల పట్టు మాత్రం బలహీనం. అందుకే ఆ ఒక్క దిక్కులోనే తేలిగ్గా విడిపోతుంది. బలపపు రాయిలో దొంతరల మధ్య పొటాషియం కూడా లేదు, ఇంకా వదులు. అందుకే అది చేతికి నున్నగా తగులుతుంది, పలక మీద రాస్తే అరిగి గీత పడుతుంది.

పలుగురాయిలో అన్ని దిక్కులా ఒకే బలం. బలహీనమైన తలం లేదు కాబట్టి ఎటంటే అటు ఒంపుగా పగులుతుంది. గొలుసు ఖనిజాల్లో గొలుసులు తెగవు, వాటి మధ్య సందుల వెంట చీలుతాయి. ఒంటి గొలుసు సన్నం, కాబట్టి పైరాక్సీన్‌లో రెండు చీలికలు దాదాపు లంబంగా, 87, 93 డిగ్రీల్లో కలుస్తాయి. జంట గొలుసు వెడల్పు, అందుకని యాంఫిబోల్‌లో 56, 124 డిగ్రీలు. సూక్ష్మదర్శిని కింద ఈ రెండింటినీ వేరుచేసే మొదటి గుర్తు ఇదే.

మరి ఫెల్డ్‌స్పార్ కూడా చట్రమే కదా, దానికి చీలిక ఎందుకుంది? దాని చట్రంలో బంధాలు అన్ని దిక్కులా సమానంగా పరుచుకోలేదు. కొన్ని తలాల మీదుగా తక్కువ బంధాలు ఉంటాయి, ఆ తలాల వెంట చీలుతుంది.

బ్లాక్ గ్రానైట్ కూడా గ్రానైటేనా?

వ్యాపారంలో పేరు అంతే. మన గ్రానైట్ నేలను చీల్చుకుంటూ పొడవాటి గోడల్లా సాగే నల్లరాయి వరుసలు డోలరైట్ డైక్‌లు. వాటిలో ఉండేది పైరాక్సీన్, కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్. పలుగురాయి ఉండదు, ఉన్నా చాలా తక్కువ.

ఎర్ర చలక, నల్ల రేగడి పక్కపక్కనే ఎందుకున్నాయి?

రాయి గాలికీ వానకూ చివికిపోయేటప్పుడు ఖనిజాలన్నీ ఒకే వేగంతో పోవు. విడి ముక్కల ఒలివిన్ అన్నిటికంటే ముందు, తర్వాత పైరాక్సీన్, హార్న్‌బ్లెండ్, బయొటైట్, చివరకు పలుగురాయి. భూగర్భ శాస్త్రవేత్త శామ్యూల్ గోల్డిచ్ 1938లో ఈ వరుస చెప్పారు. సాధారణంగా ఉమ్మడి మూలలు ఎన్ని ఎక్కువైతే నీళ్లకు విడగొట్టడం అంత కష్టం.

మన చలకలో గరుకుగా తగిలే ఇసుక ఆ మిగిలిపోయిన పలుగురాయే. ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారింది, బయొటైట్, హార్న్‌బ్లెండ్‌లలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపు ఇచ్చింది. నీళ్లు బాగా కిందికి దిగిపోయే చోట ఏర్పడే మట్టి ఎక్కువగా కయొలినైట్. ఒక సిలికేట్ పలక, ఒక అల్యూమినియం పలక కలిసిన పొరలవి. ఒక పొర అడుగు పక్క పొర పైభాగాన్ని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది, మధ్యలోకి నీళ్లు పోవు.

రేగడిలో ఉండేది స్మెక్టైట్ జాతి. రెండు సిలికేట్ పలకల మధ్య ఒక లోహపు పలక, ఆ పొరల మధ్య పట్టు చాలా వదులు. నీళ్లు లోపలికి దూరి పొరలను ఎడం చేస్తాయి, నేల ఉబ్బుతుంది. ఎండాకాలంలో నీళ్లు పోతే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. నీళ్లు నిలిచే పల్లంలో, పై నుంచి కొట్టుకొచ్చిన కాల్షియం, మెగ్నీషియం, కరిగిన సిలికా పోగయ్యే చోట ఈ జాతి తయారవుతుంది. అందుకే మిట్టన చలక, పల్లాన రేగడి. పొటాష్, అమ్మోనియా లాంటివి పట్టి ఉంచే శక్తి రేగడికి ఎక్కువ. చలకలో ఎరువు ఒకేసారి కుమ్మరిస్తే వానకు కొట్టుకుపోతుంది, విడతలుగా వేయమనేది అందుకే.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్‌కూ ఈ నిర్మాణానికీ సంబంధం ఉందా?

ఉంది. మన జిల్లాలో ఈ పాఠం చదవడానికి నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కారణం లేదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో వంగిపోయిన నడుములు, గిడసబారిన కాళ్లు చూసిన ప్రతివాళ్లూ "ఇది మా నీళ్లలోకే ఎందుకొచ్చింది" అని అడిగారు. దానికి సగం జవాబు బయొటైట్ పలకలోనే ఉంది.

పలక సిలికేట్లలో ఆరేసి చతుర్ముఖులు కలిసి ఆరు కోణాల గళ్లు కడతాయి. ఒక్కో గడి మధ్యలో ఒక హైడ్రాక్సిల్ అయాన్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంట) కూర్చునే చోటు ఉంటుంది. హార్న్‌బ్లెండ్ జంట గొలుసులో కూడా అలాంటి చోట్లు ఉన్నాయి. హైడ్రాక్సిల్ వ్యాసార్ధం సుమారు 1.37 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఫ్లోరైడ్ అయాన్‌ది సుమారు 1.33. ఇద్దరిదీ ఒకే రుణావేశం. కాబట్టి శిలాద్రవం చల్లారి గ్రానైట్ అయ్యేటప్పుడు అందులోని ఫ్లోరైడ్ హైడ్రాక్సిల్ చోట్లలో దర్జాగా కూర్చుంది. పలుగురాయిలో, ఫెల్డ్‌స్పార్‌లో, పైరాక్సీన్‌లో అలాంటి చోటు లేదు.

ఇప్పుడు బోరు నీళ్ల సంగతి. గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు బైకార్బొనేట్ ఎక్కువై క్షారంగా మారుతుంది. క్షారమంటే హైడ్రాక్సిల్ ఎక్కువని అర్థం. ఆ హైడ్రాక్సిల్ ఖనిజంలోని తన చోటు తీసుకుంటుంది, ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది. లోపలికి వచ్చిన తలుపులోంచే బయటకు పోయింది.

అన్ని గ్రానైట్ ప్రాంతాల్లో ఇంత ఉండదు కదా అనొచ్చు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా కిందికి దించేస్తుంది. మన నేలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు ఆవిరైనప్పుడు ఉన్న కాస్త కాల్షియం మట్టిలో తెల్లటి సున్నపు ముద్దలుగా గడ్డకట్టేస్తుంది. నీళ్లలో సోడియం, బైకార్బొనేట్, ఫ్లోరైడ్ మిగిలిపోతాయి. బోరు ఎంత లోతుకు పోతే నీరు రాయితో అంత ఎక్కువ కాలం కలిసి ఉన్నట్టు. బయొటైట్, హార్న్‌బ్లెండ్ ఒక్కటే కారణం కాదు. సిలికేట్లు కాని అపటైట్, ఫ్లోరైట్ కూడా మన గ్రానైట్లో ఉన్నాయి, వాటి వాటా వాటిది.

నీళ్లు కాచితే, క్యాండిల్ ఫిల్టర్‌లో పోస్తే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ మట్టిని ఆపుతుంది, కరిగిన అయాన్‌ను ఆపలేదు. భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు. నీళ్లు పరీక్ష చేయించకుండా రుచి చూసి చెప్పడం అసాధ్యం.

ఆర్ఓ, యాక్టివేటెడ్ అల్యూమినా ఫ్లోరైడ్‌ను తగ్గిస్తాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి వడగట్టే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. పటిక మోతాదు ఆ నీటి పరీక్షను బట్టే ఉండాలి, చేతి అంచనాతో వేయకూడదు. అన్నిటికంటే మేలు రాయితో ఎక్కువ కాలం గడపని నీరు, అంటే నది నీరు. మిషన్ భగీరథ నల్లా వస్తున్న ఊళ్లలో బోరు నీళ్లు తీయగా ఉన్నాయని మళ్లీ వాటికి పోవద్దు, ముఖ్యంగా ఎదిగే పిల్లలకు ఇవ్వొద్దు.

మన దగ్గర అన్ని రాళ్లూ సిలికేట్లేనా?

కాదు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి కార్బొనేట్. అయితే సిమెంటు ఫ్యాక్టరీలో దాన్ని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్‌లో కాలిస్తే వచ్చేది కాల్షియం సిలికేటే. అందులో చతుర్ముఖులు విడివిడిగా ఉంటాయి. కొంతవరకు అందుకే నీళ్లు తగలగానే చర్య మొదలై గట్టిపడుతుంది. చట్రంగా అల్లుకున్న పలుగురాయి పిండిలో ఎన్ని నీళ్లు పోసినా సిమెంటులా గట్టిపడదు.

నారాయణపేట వైపు వజ్రాల రాయి అంటారు, అది సిలికేటా?

రాయి సిలికేటే, అందులోని వజ్రం మాత్రం సిలికేట్ కాదు. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల్లో కింబర్లైట్ ఉంది, భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి తెచ్చే రకం రాయి ఇది. అందులో ముఖ్యమైనది ఒలివిన్, ఇప్పుడు చాలావరకు పలక సిలికేటైన సర్పెంటైన్‌గా మారిపోయింది. వజ్రం శుద్ధ కర్బనం. కింబర్లైట్ ఉన్నంత మాత్రాన వజ్రాలు దొరుకుతాయని కాదు.

ఇంత చిన్న అమరిక ఇలాగే ఉంటుందని ఎలా తెలిసింది?

ఎక్స్‌రేలతో. స్ఫటికం గుండా ఎక్స్‌రే పంపితే పరమాణువుల వరుసలను బట్టి కొన్ని దిక్కుల్లోనే గట్టిగా బయటకు వస్తుంది. ఆ కోణాల నుంచి దూరాలు లెక్కగట్టొచ్చు. భౌతిక శాస్త్రవేత్త విలియం లారెన్స్ బ్రాగ్, ఆయన బృందం ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 1920ల్లో సిలికేట్లను ఒక్కొక్కటిగా ఇలా విప్పి చూపారు. అంతకుముందు వీటిని రకరకాల సిలిసిక్ ఆమ్లాల లవణాలుగా వర్గీకరించేవారు, ఆ లెక్క ఎక్కడా కుదిరేది కాదు.

క్వారీలో, పలుగురాయి మిల్లులో పనిచేస్తున్నాం. ఆ దుమ్ము మట్టి దుమ్ములాంటిదేగా?

కాదు, దయచేసి అలా అనుకోవద్దు. పలుగురాయి చట్రం ఊపిరితిత్తుల్లో కరగదు, శరీరం దాన్ని విడగొట్టలేదు. పైగా అప్పుడే పగిలిన రేణువు అంచుల్లో తెగిన సిలికాన్, ఆక్సిజన్ బంధాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల కణాలను గట్టిగా దెబ్బతీస్తాయి. మచ్చలు కట్టి వచ్చే జబ్బే సిలికోసిస్. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు, టీబీ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది.

కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించని సన్న రేణువే లోతుకు పోతుంది. తువ్వాలు కట్టుకుంటే అది ఆగదు, ఎన్95 స్థాయి మాస్కు కావాలి. డ్రిల్లింగ్, కోత నీళ్లు పోస్తూ చేయాలి, మిల్లులో దుమ్ము పీల్చే ఏర్పాటు ఉండాలి. ఇవి కల్పించడం యజమాని బాధ్యత. ఆయాసం, పొడి దగ్గు తగ్గకుండా ఉంటే డాక్టరు దగ్గర ముందుగా చెప్పాల్సిన మాట "నేను రాయి దుమ్ములో పనిచేస్తాను" అన్నది. ఆ మాట చెప్పకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే వాడే ప్రమాదం ఉంది.